మొక్కల అక్వేరియం ఫిల్టర్‌లో ఏం వేయాలి? మన బోరు నీళ్లకు తగ్గ మీడియా ఎంచుకునే పద్ధతి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు కొత్తగా మొక్కల ట్యాంకు పెట్టుకున్న వాళ్లంతా తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు: ఫిల్టర్‌లో ఏ మీడియా (లోపల నింపే సరుకు) వేయాలి? షాపుకు వెళ్తే కౌంటర్ మీద సిరామిక్ రింగులు, బయో బాల్స్, నల్ల కార్బన్, తెల్ల జియోలైట్, పగడపు ముక్కల సంచి వరసగా పెట్టి "అన్నా, అన్నీ కొన్ని కొన్ని వేసుకో, ఇగ నీళ్లు మార్చే పనే ఉండదు" అంటారు. అందులో సగానికి పైగా మనకు అక్కర్లేదు. ఒకటి రెండయితే మన నీళ్లలో చెడే చేస్తాయి.

మీడియా చేసే పనులు మూడు. చెత్తను ఆపడం, మేలు చేసే బ్యాక్టీరియాకు చోటివ్వడం, నీళ్లలో కరిగినవాటిని పీల్చడం. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొక్కలు మాత్రం అంతదాకా ఆగవు, అమ్మోనియాను నేరుగా తినేస్తాయి. అందుకే మొక్కలు బాగా పెరుగుతున్న ట్యాంకులో ఫిల్టర్‌కు మొదటి పనే ముఖ్యం, రెండోది కొంత కావాలి, మూడోది చాలావరకు అవసరమే రాదు. థియరీ ఇంతకంటే అక్కర్లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో ఉప్పులు ఎంత కరిగి ఉన్నాయో చూపేది (పెన్ను లాంటి చిన్నది చాలు)
- అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) చూసే కిట్. చుక్కల కిట్ అయితే మంచిది, స్ట్రిప్పులైతే సుమారు లెక్క తెలుస్తుంది
- ముతక స్పాంజ్, మధ్యరకం స్పాంజ్
- సిరామిక్ రింగులు లేదా లావా రాయి
- తెల్ల ఫిల్టర్ దూది, కొద్దిగా
- యాంటీ క్లోరిన్ చుక్కలు
- తెల్ల వెనిగర్
- 5 లీటర్ల బకెట్, సెకన్లు చూసుకోవడానికి ఫోను

1. ముందు మీ నీళ్లేమిటో తెలుసుకోండి

ఈ మెట్టు దాటేసి మీడియా కొన్నవాళ్లే ఎక్కువ. మన ప్రాంతంలో ఇంటికి వచ్చే నీళ్లు ముఖ్యంగా మూడు రకాలు: బోరు, మిషన్ భగీరథ నల్లా, ఆర్ఓ ప్లాంటు క్యాన్. మూడూ వేరువేరుగా గ్లాసుల్లో పట్టి టీడీఎస్ చూడండి.

గ్రానైట్ నేలల్లో లోతు నుంచి వచ్చే బోరు నీళ్లకు టీడీఎస్ 1,000 దాటినా మన దగ్గర వింతేం కాదు. తాగునీటి ప్రమాణం 500 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటుంది. మొక్కలు, చేపలు 500 చూసి భయపడవు. గప్పీలు, మోలీల లాంటి చేపలకు గట్టి నీళ్లే (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నవే) ఇష్టం. 1,000 దాటితే మాత్రం ఆర్ఓ నీళ్లనో, భగీరథ నీళ్లనో సగానికి సగం కలుపుకోండి. ఉత్త ఆర్ఓ నీళ్లు పోయకండి, వాటిలో మొక్కలకు కావాల్సిన కాల్షియం, మెగ్నీషియం మిగలవు. ఇంట్లో ఆర్ఓ మెషిన్ వెనక పైపు నుంచి బయటికి పోయే నీళ్లు అసలే వద్దు. ఉప్పంతా చిక్కబడి వచ్చేది అందులోకే.

భగీరథ నీళ్లలో ఉప్పు తక్కువ, క్లోరిన్ ఉంటుంది. ట్యాంకులో పోసే ముందు యాంటీ క్లోరిన్ వేయండి. లేదా వెడల్పాటి టబ్బులో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచండి.

ఇదే నీళ్లకు నైట్రేట్ పరీక్ష కూడా ఇప్పుడే చేసేయండి. ఎరువులు గట్టిగా వాడే పొలాల పక్క బోర్లలో నైట్రేట్ ముందే ఉండొచ్చు. అది తెలియకపోతే తర్వాత ట్యాంకులో నైట్రేట్ కనబడగానే ఫిల్టర్ పని చేయట్లేదని మీడియా మీద మీడియా కొంటూ పోతారు.

నల్గొండ వాళ్లు తప్పకుండా అడిగేది ఫ్లోరైడ్ గురించి: దాన్ని తీసే మీడియా ఏదైనా ఫిల్టర్‌లో వేయాలా? వద్దు. కార్బన్ ఫ్లోరైడ్‌ను పట్టదు. యాక్టివేటెడ్ అల్యూమినా పడుతుంది గానీ, మొక్కలు తినే ఫాస్ఫేట్‌ను కూడా లాగేస్తుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు కదా అని ట్యాంకులో పటిక వేసేవాళ్లున్నారు. అది తాగే నీళ్లను వేరే డ్రమ్ములో తేర్చుకునే పద్ధతి. చేపలున్న ట్యాంకులో పటిక వేస్తే పీహెచ్‌ను పట్టి ఉంచే క్షారం తగ్గిపోయి అంతా తలకిందులవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు అయితే నీళ్లే మార్చుకోండి.

2. ట్యాంకు లీటర్లు, ఫిల్టర్ వేగం లెక్కేయండి

పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల మామూలు ట్యాంకు 24 × 12 × 12 అయితే దాదాపు 57 లీటర్లు. అడుగున మట్టి, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అందులో నిజంగా ఉండే నీళ్లు 45 లీటర్లే.

ఫిల్టర్ డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లని రాసి ఉంటుంది. అది ట్యాంకు లీటర్లకు 5 నుంచి 8 రెట్లు ఉంటే చాలు. పై ట్యాంకుకు గంటకు 300 నుంచి 450 లీటర్ల ఫిల్టర్ సరిపోతుంది. డబ్బా మీద అంకె మీడియా లేకుండా ఖాళీగా తిప్పి చూసినది, మీడియా నింపాక అందులో చాలా తగ్గుతుంది. ఎంత తగ్గిందో కొలవడం చివర్లో చెప్తాను.

3. స్పాంజ్ ఎంచుకోండి, డబ్బు ఇక్కడ పెట్టండి

మొక్కల ట్యాంకులో రాలిన ఆకు ముక్కలు, కుళ్లిన కాడలు, మట్టి రేణువులు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాలిస్నేరియా లాంటి మొక్కను కొత్తగా నాటితే మొదటి రెండు మూడు వారాలు పాత ఆకులన్నీ కరిగి ఫిల్టర్‌లోకే వస్తాయి. ఇదంతా ఆపేది స్పాంజ్. బ్యాక్టీరియా కూడా దాని మీదే బాగా పడుతుంది. ఒక్క మీడియాతో సరిపెట్టుకోవాలంటే నేను స్పాంజే పెట్టుకుంటాను.

స్పాంజ్‌ను పీపీఐ లెక్కన అమ్ముతారు, అంటే ఒక అంగుళంలో ఎన్ని రంధ్రాలున్నాయని. 20 పీపీఐ ముతక, 30 మధ్యరకం, 45 సన్నం. మొక్కల ట్యాంకుకు 20, 30 కొనండి. సన్నది నీళ్లను అద్దంలా చేస్తుంది గానీ నాలుగైదు రోజుల్లో మూసుకుపోతుంది. షాపులో పీపీఐ తెలియదంటే కంటితో చూసి కొనొచ్చు. ముతకదాంట్లో రంధ్రాలు చేయి చాచి పట్టుకున్నా విడివిడిగా కనబడతాయి.

ఇంట్లో ఉన్న పరుపు ఫోమ్, కుర్చీ ఫోమ్ కోసి పెట్టొచ్చా అని అడుగుతారు. వద్దు. వాటిలో గదుల మధ్య పలుచటి పొరలు మిగిలి ఉంటాయి, నీళ్లు సులువుగా దాటవు. కొన్నింట్లో మంట అంటుకోకుండా మందు కూడా కలుపుతారు. ముక్కను నోటికి ఆనించి ఊదండి. గాలి సులువుగా అవతలికి వస్తే ఫిల్టర్ స్పాంజ్, బుగ్గలు నొప్పి పుడితే కుర్చీ ఫోమ్.

నీళ్లు లోపలికి పీల్చుకునే గొట్టం మూతికి కూడా ఒక చిన్న ముతక స్పాంజ్ తొడగండి. ఆకులు బయటే ఆగుతాయి, చేప పిల్లలు, చిన్న రొయ్యలు లోపలికి పోవు. వారానికోసారి దాన్నొక్కదాన్ని తీసి పిండితే అసలు ఫిల్టర్‌ను నెలల తరబడి తెరవాల్సిన పని ఉండదు.

4. బ్యాక్టీరియాకు చోటు: రింగులు, లావా, కుండ పెంకులు

రెండడుగుల మొక్కల ట్యాంకుకు అర కిలో సిరామిక్ రింగులు ఎక్కువే. పెద్ద క్యానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే మూత బిగించిన డబ్బా ఫిల్టర్) కొని నాలుగు బుట్టల నిండా ఖరీదైన రాళ్లు నింపితే కొన్నవాళ్లకు తృప్తి తప్ప మొక్కలకు ఒరిగేదేమీ లేదు. బ్యాక్టీరియా ఎంత పెరగాలన్నది దానికి దొరికే అమ్మోనియాను బట్టి ఉంటుంది, మీరిచ్చిన చోటును బట్టి కాదు.

రింగు కొనేముందు దాని మీద ఒక చుక్క నీళ్లు వేయండి. వెంటనే ఇంకిపోతే మంచిది. చుక్క జారి కింద పడితే, పైన నిగనిగలాడుతుంటే అది పింగాణీ పూత, రింగుకు రంధ్రాలే ఉండవు. కొన్నాక తెల్ల పొడి పోయేదాకా నాలుగైదుసార్లు కడగండి, లేకపోతే రెండు రోజులు ట్యాంకు పాలలా ఉంటుంది.

రింగులు దొరక్కపోతే దారులున్నాయి.

లావా రాయి: తేలిక, రంధ్రాలెక్కువ, రింగుల కంటే ఏం తక్కువ కాదు. ఒక అంగుళం ముక్కలు చేసుకుని వేయండి.

కుండ పెంకులు: రంగు, పూత లేని మట్టి కుండను పగలగొట్టి, ముక్కలు ఉడికించి వేయొచ్చు. బాగా కాలిన ఎర్ర ఇటుక ముక్కలూ పనికొస్తాయి, కాకపోతే పొడి రాలుతుంది. అందుకని వాటికీ మోటారుకూ మధ్య స్పాంజ్ ఉండాలి, ఇసుక పలుకు పోయి ఇంపెల్లర్‌ను (మోటారులో తిరిగే చక్రాన్ని) అరగదీస్తుంది. ఇప్పుడు ఇళ్లకు ఎక్కువగా వాడే బూడిదరంగు ఫ్లైయాష్ ఇటుక మాత్రం వద్దు. అందులో సున్నం, సిమెంటు ఉంటాయి, పీహెచ్ పైకి లాగుతుంది.

గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు: వల లాంటి గుండ్రటిది, సబ్బు పూయనిది అయితే ఫర్వాలేదు. ఇనుప పీచు వద్దు, రాపిడి పొడి అంటించిన పచ్చ పీచూ వద్దు.

బయో బాల్స్: గాలి తగులుతూ నీళ్లు చుక్కలు చుక్కలుగా జారే పెద్ద ట్రికిల్ ఫిల్టర్ల కోసం చేసినవి. నీళ్లలో మునిగి ఉండే చిన్న ఫిల్టర్‌లో చోటు తినడం తప్ప పెద్ద పని చేయవు.

*వెనిగర్ పరీక్ష.* రింగు గానీ, రాయి గానీ, ట్యాంకు అడుగున వేసే కంకర గానీ, లోపలికి పోయే ప్రతిదానికీ ఇది చేయండి. పొడిగా ఉన్న ముక్క మీద నాలుగు చుక్కల తెల్ల వెనిగర్ వేసి రెండు నిమిషాలు దగ్గరగా చూడండి. బుడగలొస్తే అందులో సున్నం ఉంది. మన వైపు ఇది మరీ ముఖ్యం. నల్గొండ, దేవరకొండ గుట్టల గ్రానైట్ ముక్క తెచ్చుకుంటే ఏమీ కాదు. అదే హుజూర్‌నగర్, మట్టపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయంటే అక్కడ సున్నపురాయి ఉండబట్టే. తాండూరు నాపరాయి కూడా ఆ జాతిదే. ఆ ముక్కలు మెల్లగా కరుగుతూ, అసలే గట్టిగా ఉన్న నీళ్లను ఇంకా గట్టిపరుస్తాయి. ఇంట్లో వెనిగర్ లేకపోతే పుల్లటి నిమ్మరసం పిండి చూడొచ్చు. నకిరేకల్ వాళ్లకు నిమ్మకాయల కొరత లేదు కదా. బత్తాయి రసానికి ఆ పులుపు చాలదు.

5. తెల్ల దూది: అవసరమైనప్పుడే

సన్నటి మట్టి తేలుతున్నప్పుడు, మొక్కలు కదిలించి నాటినప్పుడు తెల్ల ఫిల్టర్ దూది పలుచగా ఒక పొర పరచండి. రెండు మూడు రోజుల్లో నల్లబడగానే తీసి పారేయండి. దిండులో నింపే పాలిస్టర్ దూదైనా పనికొస్తుంది, మందుల షాపు పత్తి మాత్రం నీళ్లలో కుళ్లుతుంది. దూదిని రోజూ ఉండే మీడియాగా లెక్కపెట్టకండి.

6. నీళ్లు పీల్చే మీడియా: ఏది ఎందుకు వద్దు

*కార్బన్.* మందులు వేసిన తర్వాత వాటిని తీసేయడానికి, దుంగ నుంచి దిగే చాయ్ రంగు పోగొట్టడానికి బాగుంటుంది. రోజూ ఉంచితే మీరు వేసే లిక్విడ్ ఎరువులోని ఐరన్ లాంటివాటిని కొంత పట్టేసుకోవచ్చు. రెండు నుంచి నాలుగు వారాల్లో దాని బలం అయిపోతుంది, ఆ తర్వాత ఉట్టి నల్ల రాళ్లే. పని అవగానే తీసేయండి. పొయ్యి బొగ్గు దానికి బదులు కాదు.

*జియోలైట్.* అమ్మోనియాను వేగంగా పట్టుకుంటుంది. అత్యవసరానికి ఒక సంచి ఇంట్లో ఉంచుకోవచ్చు. కొత్త ట్యాంకులో మొదటి రోజు నుంచే వేస్తే మొక్కలకూ బ్యాక్టీరియాకూ తిండి లేకుండా చేస్తుంది. ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. జియోలైట్ ఉప్పు తగిలితే పట్టుకున్న అమ్మోనియాను వదిలేస్తుంది. చేపకు తెల్ల మచ్చలొచ్చాయని ట్యాంకులో ఉప్పు వేసే అలవాటు మనకుంది. జియోలైట్ లోపల ఉండగా ఉప్పు వేశారంటే జబ్బు చేప మీద అమ్మోనియా కూడా కుమ్మరించినట్టే. ఉప్పు వేసే ముందు దాన్ని తీసేయండి.

*ఫాస్ఫేట్ రిమూవర్.* పాచి పెరుగుతోందని అంటగడతారు. ఫాస్ఫేట్ లేకపోతే ముందు నీరసించేది మొక్కలే, వాటి తర్వాతే పాచి. ముందు లైటు గంటలు తగ్గించి చూడండి.

*పగడపు ముక్కలు, గవ్వలు.* మెత్తటి నీళ్లున్న ఊళ్లవాళ్లు పీహెచ్ పెంచుకోవడానికి వాడతారు. మన బోరు నీళ్లకు అది ముందే ఉంది, ఇక మళ్లీ ఎందుకు?

*పీట్, బాదం ఆకులు.* నీళ్లు మెత్తబడతాయని పెడతారు. బైకార్బనేట్ ఎక్కువున్న బోరు నీళ్లలో పీహెచ్ పెద్దగా కదలదు, రంగు మాత్రం దిగుతుంది. ఆ రంగు ఇష్టమైతే వేసుకోండి.

*ప్యూరిజెన్ లాంటి పాలిమర్ గుళికలు.* నీళ్లు మెరుస్తాయి, మొక్కలకు పెద్దగా నష్టమూ లేదు. ఖరీదెక్కువ. ఫోటోల కోసం ట్యాంకు పెట్టేవాళ్లు ఆలోచించొచ్చు.

7. వరస కుదర్చండి

నీళ్లు ముందు తగిలేది ముతక స్పాంజ్, తర్వాత మధ్యరకం, తర్వాత రింగులు, దూది పెడితే అన్నిటికంటే చివర. ఇది ఏ ఫిల్టర్‌కైనా వర్తిస్తుంది. తికమక అంతా నీళ్లు ఎటు నుంచి ఎటు పోతున్నాయన్న దాంట్లోనే. చాలా క్యానిస్టర్లలో నీళ్లు అడుగు నుంచి పైకి వస్తాయి, కాబట్టి ముతకది కింద బుట్టలో పెట్టాలి. టాప్ ఫిల్టర్‌లో పై నుంచి కిందికి, అక్కడ ముతకది పైన. ట్యాంకు అంచుకు తగిలించే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్‌లో నీళ్లు పడే వైపు స్పాంజ్, అంచు దాటి ట్యాంకులోకి పోయే వైపు రింగులు. హ్యాంగ్ ఆన్‌తో పాటు వచ్చే కార్బన్ కాట్రిడ్జ్ తీసేసి, ఆ చోటుకు సరిపడా స్పాంజ్ కోసి పెడితే ఫిల్టర్ మెరుగవుతుంది, నెలనెలా కాట్రిడ్జ్ కొనే ఖర్చూ తప్పుతుంది.

స్పాంజ్‌ను గదికి సరిగ్గా పట్టేలా కోయండి. పక్కన సందు ఉంటే నీళ్లు ఆ సందులోంచే దాటిపోతాయి. అలాగని బలవంతంగా కుక్కినా నీళ్లు ఆగిపోతాయి.

8. నడిపించండి, తొందరపడకండి

మొదటి రోజే మొక్కలు దట్టంగా నాటండి. ఎవరి దగ్గరైనా ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ల ఫిల్టర్‌లోని పాత స్పాంజ్ ముక్క అడగండి, లేదా వాళ్లు స్పాంజ్ పిండిన మురికి నీళ్లైనా మీ ఫిల్టర్‌లో పోయండి. డబ్బాల్లో అమ్మే బ్యాక్టీరియా కంటే ఇది నమ్మకం. ముక్కను తడిగా, నీళ్లున్న కవర్‌లో పెట్టి ఆ రోజే తెచ్చుకోండి. ఎండలో బైకు ముందు తగిలించుకుని గంటన్నర తిరిగితే లాభం లేదు.

చేపలు మూడు నాలుగు వారాల తర్వాత, కొద్దికొద్దిగా వేయండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం పాటు సున్నా చూపాలి. మన దగ్గర ఇందులో చూసీచూడనట్టు పోకూడదు. కారణం పీహెచ్. అమ్మోనియాలో చేపను చంపే రూపం 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో 1 శాతం లోపే ఉంటుంది. పీహెచ్ 8కి వెళ్లేసరికి అది దాదాపు 7.5 శాతం అవుతుంది. అదే రీడింగు, బోరు నీళ్లలో తొమ్మిది రెట్ల విషం. పీహెచ్ తక్కువున్న నీళ్లవాళ్ల వీడియో చూసి "అమ్మోనియా 0.5 ఉన్నా ఏం కాదు" అనుకుంటే మన గప్పీలు పోతాయి.

9. కడగడం

ఫిల్టర్ మీడియాను నల్లా కింద కడగొద్దు. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన నీళ్లను బకెట్లో పట్టి, స్పాంజ్‌ను అందులో నాలుగైదుసార్లు పిండండి. గోధుమ రంగు పూర్తిగా పోవాలని చూడకండి, నీళ్లు సులువుగా దాటితే చాలు. రింగులను ఊరికే ఒకసారి ముంచి తీస్తే సరి. స్పాంజ్, రింగులు రెండూ ఒకే రోజు కడగకండి, రెండింటికీ మధ్య రెండు వారాలైనా ఉండనివ్వండి.

గట్టి నీళ్లకు ఇంపెల్లర్ మీద, గొట్టాల మూతుల మీద తెల్ల పొర పేరుకుంటుంది. మోటారు గరగరమంటే మీడియాను అనుమానించే ముందు ఇంపెల్లర్ తీసి వెనిగర్‌లో అరగంట ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి పెట్టండి.

ఎండాకాలం, కరెంటు కోత

ఏప్రిల్, మే నెలల్లో బయట 44, 45 డిగ్రీలు పోతుంటే ట్యాంకు నీళ్లు 32 దాటుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, బ్యాక్టీరియాకూ చేపకూ అదే కావాలి. రాత్రి లైటు ఆరాక మొక్కలు కూడా ఆక్సిజనే వాడుకుంటాయి. ఆ రెండు నెలలు సన్న స్పాంజ్, దూది తీసేసి నీటి వేగం పెంచండి, బయటికొచ్చే మూతిని నీటి పైమట్టానికి తెచ్చి అలలు లేచేలా పెట్టండి. సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లు పగలు మూతిని కిందికి, రాత్రి పైకి తిప్పుకోవాలి. పగలంతా అలలు లేస్తే ఇచ్చిన గ్యాస్ గాలిలోకే పోతుంది.

కరెంటు గంటా రెండు గంటలు పోతే టెన్షన్ అక్కర్లేదు. ఎక్కువసేపు పోయే ఊళ్లలో అసలు ఫిల్టర్‌తో పాటు ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్‌ను బ్యాటరీ ఎయిర్ పంపుతో లేదా ఇన్వర్టర్ మీద నడపండి. ఎయిర్ పంపు తీసుకునే కరెంటు చాలా తక్కువ. మూత బిగించిన క్యానిస్టర్ ఐదారు గంటలు ఆగిపోతే లోపల ఆక్సిజన్ అయిపోయి నీళ్లు కుళ్లు వాసనకు వస్తాయి. కరెంటు రాగానే అదే తిరిగిందంటే ఆ నీళ్లన్నీ ట్యాంకులోకి వస్తాయి. ప్లగ్ తీసేసి, క్యానిస్టర్‌లోని నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంకు నీళ్లలో ఒకసారి ఆడించి, అప్పుడు ఆన్ చేయండి. హ్యాంగ్ ఆన్ ఫిల్టర్లలో కొన్ని కరెంటు వచ్చాక నీళ్లు పీల్చకుండా పొడిగా తిరిగి మోటారు కాలిపోతుంది. మీది ఏ రకమో ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి స్విచ్ ఆపి, వేసి చూసుకోండి.

తరచూ చేసే పొరపాట్లు

నీళ్లు తెల్లగా మబ్బు పట్టగానే మీడియా అంతా మార్చేయడం. కొత్త ట్యాంకులో ఆ మబ్బు బ్యాక్టీరియాదే, నాలుగైదు రోజుల నుంచి పది రోజుల్లో దానంతట అదే తేరుకుంటుంది. మార్చితే మళ్లీ మొదటికే వస్తుంది. పచ్చగా మారితే అది నీళ్లలో తేలే పాచి, ఏ స్పాంజూ దాన్ని ఆపలేదు. లైటు తగ్గించండి, కిటికీ ఎండ తగలకుండా చూడండి.

పాత ఫిల్టర్ తీసేసిన రోజే కొత్త ఫిల్టర్ పెట్టడం. రెండూ కలిపి నాలుగు వారాలు నడపండి, లేదా పాత స్పాంజ్‌నే కొత్తదాంట్లోకి కోసి పెట్టండి.

రాత్రి శబ్దమొస్తోందని ఫిల్టర్ ఆపి పడుకోవడం. ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. మొక్కలు ఆక్సిజన్ ఇవ్వకుండా తీసుకునే సమయం కూడా అదే.

మెత్తటి నీళ్ల కోసం సాఫ్ట్‌నర్ రెసిన్ సంచి వేయడం. అది కాల్షియంను తీసి ఆ చోట సోడియం పెడుతుంది. టీడీఎస్ మీటర్ దాదాపు అదే అంకె చూపిస్తుంది, మొక్కలకు కాల్షియం పోయింది, ఉప్పు మిగిలింది.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటం

*నీటి వేగం.* మీడియా పెట్టిన మొదటి రోజే క్యానిస్టర్ బయటి గొట్టాన్ని, ట్యాంకు నీటి మట్టానికి దగ్గరగా ఎత్తి పట్టుకున్న 5 లీటర్ల బకెట్లో పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 18,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు లీటర్లు వస్తాయి. 60 సెకన్లయితే 300. ఈ అంకెను ట్యాంకు స్టాండ్ లోపల మార్కర్‌తో రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా అది మూడింట రెండు వంతులకు పడిపోతే స్పాంజ్ కడిగే సమయం వచ్చినట్టు. గొట్టం లేని హ్యాంగ్ ఆన్‌కు ఈ కొలత కుదరదు. నీళ్లు లోపల మీడియా గుండా పోకుండా పక్కనున్న ఓవర్‌ఫ్లో దారిలో పొంగిపోతుంటే అది మూసుకుపోయినట్టే.

*ఆకులు.* ట్యాంకు నాలుగు మూలల్లోనూ ఆకుల కొసలు నెమ్మదిగా ఊగాలి. ఒక మూల అస్సలు కదలకుండా, ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంటే మీడియాతో పని లేదు, మూతి దిశ మార్చండి. మొక్కలు ఒక పక్కకు ఒరిగి నిలబడలేకపోతుంటే వేగం ఎక్కువైంది.

*పైమట్టం.* నీటి మీద నూనె లాంటి పొర కడితే పైన కదలిక చాలట్లేదు. మూతి ఒక వేలెడు పైకి తీయండి.

*పరీక్షలు.* మొదటి రెండు నెలలు వారానికోసారి: అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 10 నుంచి 20 మధ్య. మొక్కలు దట్టంగా ఉండి నైట్రేట్ సున్నా చూపుతుంటే ఫిల్టర్ గొప్పగా పని చేస్తోందని సంబరపడకండి. మొక్కలకు తిండి చాలట్లేదు, ఎరువు వేయండి. నైట్రేట్ 40 దాటితే మీ బోరు నీళ్ల మొదటి రీడింగు తీసి పోల్చండి. రెండూ ఒకటే అయితే అది నీళ్లతో వచ్చింది. తేడా ఉంటే చేపలకు వేసే మేత తగ్గించండి, నీళ్లు మార్చేది పెంచండి.

*టీడీఎస్.* నీళ్లు మార్చే ముందు చూడండి. వారం వారం పెరుగుతూ పోతుంటే రెండు అనుమానాలు: ఆవిరైన మేరకు బోరు నీళ్లే పోస్తున్నారు, లేదా లోపల ఏదో కరుగుతోంది. ఆవిరైనంత వరకు ఆర్ఓ నీళ్లతో నింపండి. అప్పటికీ పెరుగుతుంటే రాళ్లు, రింగులు ఒక్కొక్కటి బయటికి తీసి, తుడిచి ఎండనిచ్చి, మళ్లీ వెనిగర్ చుక్కలు వేసి చూడండి.